నీహారిక సీటు

భానుప్రకాష్ భార్యకి తలనొప్పి పట్టుకుని రెండు రోజులైంది. ఆ భార్య ఆ చుట్టుపక్కల రెండు వేల మైళ్ళలో ఎక్కడా లేదన్నది వేరే సంగతి.

ఆవిడ పేరు నీహారిక. ఆ పూట ఆవిడ కాలిఫోర్నియాలో, డబ్లిన్‌లో, తన అపార్ట్‌మెంట్ బాల్కనీలో కూర్చుని నిక్షేపంగా కాఫీ తాగుతూ ఉండి ఉంటుంది. నిజంగా తల నొస్తోందో లేదో భానుకి తెలిసే దారి లేదు. విడాకుల కాగితాల మీద ఇద్దరూ సంతకాలు పెట్టి ఏడాది దాటింది. అప్పట్నుంచీ ఒక్క ఫోన్ లేదు.

అతనేమో అలాస్కాలో, ఆర్కిటిక్ సర్కిల్‌కి కూడా పైన, బ్రూక్స్ పర్వతాల మొదట్లో ఉన్నాడు. ఒకప్పుడు పైపులైను వేయడానికి వచ్చిన పనివాళ్ళ కోసం వరసగా రేకుల గదులు దించారక్కడ. పని అయిపోయాక వాటికే రంగులేసి లాడ్జి అన్నారు. ఒక డైనింగ్ హాలు, ఒక గ్యాస్ స్టేషన్, అవతల కంకర పరిచిన రన్‌వే, దాని పక్కన రెక్కలకి తాళ్ళు కట్టి నిలబెట్టిన చిన్న విమానం ఒకటి. అంతే, ఊరంటే అదే. ఆ విమానంలో ఎక్కించుకుని కొండల మీదుగా ఉత్తరానికి తీసుకుపోయి, చెట్టూ చేమా లేని మంచుదేశం చూపించి తీసుకొస్తారు. జులై నెల కాబట్టి సూర్యుడు అస్తమించడమన్న మాటే లేదు. కిటికీకి ఎంత మందం కర్టెన్ వేసినా అంచుల్లోంచి ఎండ లోపలికి వస్తూనే ఉంటుంది.

ఇంత దూరం ఎందుకొచ్చాడయ్యా అంటే, తెలుగువాళ్ళు లేని చోటు వెతుక్కుంటూ వచ్చాడు. అమెరికా తూర్పు తీరాన అతను ఉండే మోరిస్‌విల్‌లో గ్రాసరీకి వెళ్తే ఇద్దరు, గుడికి వెళ్తే ఇరవై మంది అడుగుతారు, నీహారిక ఎప్పుడొస్తోందీ అని. వెస్ట్ కోస్ట్‌లో ప్రాజెక్ట్ అన్నాడు. ప్రాజెక్ట్ పొడిగించారన్నాడు. వాళ్ళ అమ్మకి ఒంట్లో బాగోక ఇండియా వెళ్ళిందన్నాడు. గుడివాడలో ఉన్న సొంత తల్లికీ ఇవే కబుర్లు. అబద్ధానికి అద్దె కట్టక్కర్లేదు కాబట్టి ఏడాదిగా అందులోనే కాపురం పెట్టాడు పెద్దమనిషి.

జులై ఫోర్త్ లాంగ్ వీకెండ్‌కి స్నేహితుడు ఫణి వాళ్ళు నాలుగు కుటుంబాలు కలిసి బీచ్ దగ్గర ఇల్లు తీసుకుంటున్నామని, నీహారికని కూడా రమ్మనమని, ఈసారి ఒప్పుకోమని పట్టుబట్టారు. తప్పించుకోవడానికి భాను, మేం అలాస్కా వెళ్తున్నాం, బుక్ చేసేశాం అన్నాడు. 'మేం' అన్న మాట ఎక్కడ్నుంచి ఊడిపడిందో అతనికే తెలీదు. అన్నాక వెళ్ళకపోతే ఫణి భార్య వదలదు, ఫొటోలు ఏవీ అంటుంది. అందుకని నిజంగానే బుక్ చేశాడు.

ఫోనెత్తిన లాడ్జి అమ్మాయి కనీసం ఇద్దరుంటే గానీ విమానం లేవదని, ఒక్కరే వస్తే రెండో సీటు కూడా కొనుక్కోవాలని చెప్పింది. కొంటానన్నాడు. రెండో మనిషి పేరేమిటంది. ఎవరూ లేరమ్మా, ఖాళీ సీటే అంటే సరిపోయేది. నోరు ఊరుకుంటేగా. నీహారిక అన్నాడు. బరువెంత అంది ఆ పిల్ల. చిన్న విమానం కదా, ఎవర్ని ముందు కూర్చోబెట్టాలో ఎవర్ని వెనక కూర్చోబెట్టాలో పైలట్ బరువులు చూసి తేల్చుకుంటాడట. ఏడాది కిందటి బరువు చెప్పాడు. ఫోన్ పెట్టేశాక, ఇప్పుడు చిక్కిందో ఒళ్ళు చేసిందో అనుకుంటూ చాలాసేపు కిచెన్‌లో అలాగే నిలబడిపోయాడు. దిగులేసింది. ఆ దిగులు చెప్పుకోవడానికి ఒక్క మనిషిని కూడా మిగుల్చుకోలేదు తను.

సరే, పెద్ద విమానం దిగిన ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి రోజంతా వ్యానులో కుదిపించుకుంటూ ఆ లాడ్జి చేరాడు. డైనింగ్ హాల్లో సూప్ గిన్నె ముందేసుకుని, అమ్మయ్య, ఇక్కడ నన్నెవరూ ఏమీ అడగరు అనుకున్నాడో లేదో, వెనక బల్ల దగ్గర్నుంచి ఒక ఆడగొంతు శుభ్రమైన తెలుగులో, వీళ్ళ దగ్గర పెరుగన్నదే ఉండదా అంది. భాను టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాడు. లాక్కుని ఏం లాభం? అంతలోనే పైలట్ రాయ్ హాల్లోకి వచ్చి, మర్నాడు ఎక్కాల్సిన అయిదుగురి పేర్లూ పెద్ద గొంతుతో పిలిచాడు. కృష్ణమోహన్, జయంతి, బాలమణి, భానుప్రకాష్, నీహారిక. అతని నోట్లో పడి ఆ పేర్లు ఎన్ని వంకర్లు పోయినా మనవాళ్ళకి మన పేర్లు తెలీకుండా పోతాయా? వెనక బల్ల బల్లంతా లేచి వచ్చేసింది.

వాళ్ళు ముగ్గురు. వాళ్ళూ తూర్పు తీరం వైపే, షాంటిలీలో ఉంటారు. కృష్ణమోహన్‌కి నలభై అయిదుంటాయి, గవర్నమెంట్ కాంట్రాక్టుల మీద పనిచేసే కంపెనీలో మేనేజర్. జయంతి అతని భార్య. బాలమణి అతని తల్లి, జగిత్యాల నుంచి ఆర్నెల్లకని వచ్చింది. బక్కపల్చటి మనిషి, చీర మీద కొడుకు జాకెట్ వేసుకుని, తలకి మఫ్లర్ చుట్టుకుని, సాక్సుల్లో చెప్పులు వేసుకుని ఉంది. మాటామాటా కలిసింది. ఏ ఊరు, ఏ కంపెనీ, గ్రీన్ కార్డ్ వచ్చిందా, అన్నీ అయ్యాయి. అప్పుడు జయంతి, మీ ఆవిడేరండీ, భోజనానికి రాలేదా అంది. పేరు పిలిచేశారు కాబట్టి లేదనడానికి లేదు. రూమ్‌లో ఉందండీ, ప్రయాణం బడలికకి మైగ్రేన్ వచ్చింది, వెలుతురు పడదు, చప్పుడు పడదు అనేశాడు. అలవాటైన నోరు, ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

మనవాళ్ళకి కాక ఇంకెవరికైనా ఆ మాట చెప్పి ఉంటే, అయ్యో పాపం అని ఊరుకునేవాళ్ళు. బాలమణమ్మ ఊరుకుంటుందా? తిన్నదా అంది. ఏం తిన్నది అంది. గీళ్ళ సూపులు తాగితె తలకాయ నొప్పి తగ్గుతదా అంది. వాళ్ళు రైస్ కుక్కర్ తెచ్చుకున్నారు, పొడులు తెచ్చుకున్నారు, ఎలా కాపాడుకొచ్చారో గానీ ఒక డబ్బాలో పెరుగు కూడా తెచ్చుకున్నారు. అరగంటలో మిరియాల చారు ఫ్లాస్కులో, మెత్తగా కలిపిన పెరుగన్నం స్టీలు డబ్బాలో వచ్చేశాయి. పిల్లకి పెట్టుమంది. ఎక్కువ మాట్లాడించకుమంది.

భాను ఆ డబ్బా తీసుకుని గదికి పోయి, మంచం అంచున కూర్చుని తిన్నాడు. తనకి ఇలా ఎవరైనా కలిపి పెట్టి ఎన్నాళ్ళయిందో. సిగ్గు లేకుండా అంతా తిన్నాడు, చారు కూడా వదల్లేదు. డబ్బా కడిగి తెచ్చిచ్చి, చాలా బావుందందండీ, కొంచెం కుదుటపడింది అన్నాడు. ముసలమ్మ మొహం విప్పారింది. మర్నాడు పొద్దున ఉప్మా వచ్చింది, మధ్యాహ్నం పప్పన్నం వచ్చింది. లేని భార్య తలనొప్పి పుణ్యమా అని భాను రెండు రోజులు రాజభోగం అనుభవించాడు. తింటున్నంతసేపూ బావుండేది. తిన్నాక ఆ గదిలో అతనికి తన మీద తనకే అసహ్యం వేసేది.

ఆ రెండు రోజులూ విమానం లేవలేదు. దక్షిణాన ఎక్కడో అడవులు తగలబడుతున్న పొగ, ఉత్తరాన కొండల మీద మబ్బు. రాయ్ గంటకోసారి బయటికొచ్చి ఆకాశం వంక చూసి తల అడ్డంగా ఊపేవాడు. పని లేక అందరూ డైనింగ్ హాల్లోనే కూర్చునేవాళ్ళు. జయంతి అత్తగారి సంగతులు చెప్పింది అప్పుడే, కొంచెం మురిపెంగా, కొంచెం విసుగ్గా. మా అత్తమ్మకి రోగి దొరికితే చాలండీ, ఇంక దేవుడు కూడా అక్కర్లేదు అంది. వాడకట్టులో ఎవరికి టైఫాయిడ్ వచ్చినా, ఎవరికి కాన్పు కష్టమైనా ఆవిడే పక్కన కూర్చోవాలట. సొంత చెల్లెలి పెళ్ళినాడు కూడా ఎవరికో వాంతులవుతున్నాయని ఇంట్లో ఉండిపోయిందట. ఊరంతా కాశీకి బస్సు కట్టించుకుని పోతే, తోటికోడలికి కాలు విరిగిందని దిగిపోయిందట. ఏనాడూ నాకిది కావాలి అని అడిగిన మనిషి కాదట.

అలాంటిది ఈ చలికాలం షాంటిలీలో టీవీ చూస్తూ, కారిబూ అనే దుప్పులు మందలు మందలుగా మంచుదేశం దాటి పోతుంటే, నాకు గవ్వి సూడాలనున్నది అందట. కృష్ణమోహన్‌కి ముందు నమ్మకం కుదర్లేదు. మా అమ్మ పుట్టి బుద్ధెరిగి అడిగింది అదొక్కటే బ్రదర్, ఎక్కడుంటే అక్కడికి తీసుకుపోదామనుకున్నా అన్నాడు. అంటూ అంటూ తల పక్కకి తిప్పుకున్నాడు.

అంతగా ఏముంది పెద్దమ్మా వాటిల్లో అని భాను అడిగాడు. ఆవిడ సిగ్గుపడింది. చిన్నపిల్లలా మఫ్లర్ కొస మెలిపెడుతూ చెప్పింది.

"ఎవ్వలు తోలకుంటనే పోతయట బిడ్డా. ముసలియి, పిల్లలు, కుంటియి, అన్ని కల్సే పోతయట. ఒక్కదాన్ని గూడ ఇడ్సిపెట్టయట. నిజమేనా అని, నా కండ్లతోని సూడాలె."

మూడో రోజు వాళ్ళకి ఆఖరి రోజు. సాయంత్రం వ్యాను వాళ్ళని ఫెయిర్‌బ్యాంక్స్ తీసుకుపోతుంది, మర్నాడు షాంటిలీ ఫ్లైట్. ఆ పొద్దున కొండల మధ్య మబ్బు కాస్త విడింది. రాయ్ పరుగులాంటి నడకతో వచ్చి, దారి తెరుచుకుంది, ఎంతసేపుంటుందో చెప్పలేను, వెళ్తే ఇప్పుడే వెళ్ళాలి అన్నాడు. అందరూ రన్‌వే దగ్గరికి ఉరికారు. ఆ పక్కనే బరువు తూచే కాటా ఉంది, ఒక్కొక్కళ్ళూ ఎక్కి దిగారు. బాలమణమ్మ చెప్పులు వదిలేసి, దణ్ణం పెట్టుకుని మరీ ఎక్కింది. రాయ్ భానుని చూసి, మీ మిసెస్ ఏరీ అన్నాడు. తల ఇంకా తగ్గలేదు, రావడం లేదన్నాడు భాను. రాయ్ భుజాలెగరేసి, సరే, సీటు ఖాళీగానే పోతుంది అన్నాడు. అతనికి అంతకన్నా పట్టింపు లేదు, అతను చూసేది ఆకాశాన్ని.

విమానం మెట్టు మీద ఒక కాలు పెట్టిన బాలమణమ్మ ఆ కాలు వెనక్కి తీసుకుంది.

ఏమైందమ్మా అన్నాడు కొడుకు. ఆ పిల్ల ఒక్కతె ఉన్నదా గదిల అంది ఆవిడ. పడుకుంది పెద్దమ్మా, టాబ్లెట్ వేసుకుంది, ఇంకో నాలుగు గంటలు లేవదు అన్నాడు భాను. మూడు దినాల సంది తల లేస్తలేనోళ్ళను ఒక్కలనే ఇడ్సిపెట్టి పోతరా ఎవ్వలన్న అంది. అయితే నేనుంటాను, మీరు వెళ్ళండి అన్నాడు భాను. నువ్వు మొగోనివి, నీకేం తెలుస్తది, నేనుంట అంది. ఇద్దరం ఉందాం కావాలంటే, నేను కొంచెం నూనె వెచ్చజేసి తలకు రాస్త, తలుపు తియ్యిపో అంది.

జయంతి బతిమాలింది. కృష్ణమోహన్ చెయ్యి పట్టుకున్నాడు, ఇంత దూరం దీనికోసమే వచ్చాం కదమ్మా అన్నాడు. ఆవిడ వినే రకం కాదు. రాయ్ ఇంజన్ ఆన్ చేసి, అద్దంలోంచి కొండల వైపు చేత్తో చూపించి తొందర పెడుతున్నాడు.

"అది లేసి సూసెటాల్లకు పక్కన ఎవ్వలు లేకుంటె ఎట్లుంటది బిడ్డా?" అంది బాలమణమ్మ, భాను మొహంలోకి చూస్తూ. "పరాయి దేశం, ఎవ్వలు లేని జాగ. గోడలు మీదికొచ్చినట్టయితది."

ఎట్లుంటుందో భానుకి తెలుసు. ఏడాదిగా ప్రతి పొద్దునా అలాగే లేస్తున్నాడు. ఆ నిమిషంలో చెప్పేసి ఉంటే సరిపోయేది. గదిలో ఎవరూ లేరు పెద్దమ్మా, మీరెక్కండి అనే నాలుగు మాటలు. నోటిదాకా వచ్చాయి కూడా. జయంతి చూస్తోంది, కృష్ణమోహన్ చూస్తున్నాడు, ఇన్ని డబ్బాలు తిన్నాడు తను. వెధవ నోరు, అబద్ధానికి ఎగిరి గంతేసేది నిజానికి పెగల్లేదు. పైగా బుర్రలో ఒక మూల చచ్చు లెక్క ఒకటి నడుస్తోంది. తను ఉండిపోతే ఈవిడ నూనె గిన్నెతో గదిలోకి వస్తుంది. తను వెళ్ళిపోతే తాళంచెవి జేబులో ఉంటుంది, తలుపు తెరుచుకోదు. అంత నీచమైన లెక్క తను వేశాడన్నది ఆ తరవాత అతను ఎన్నడూ మర్చిపోలేకపోయాడు.

లోపల గడియ పెట్టుకుంది, లేపకండి పెద్దమ్మా అన్నాడు. లేపనులే, బయటనే కూసుంట, పిలిస్తె పలుకుత అంటూ ఆవిడ జాకెట్ గుండెకి దగ్గరగా లాక్కుని, లాడ్జి వైపు నడిచిపోయింది. ఒక్కసారి మాత్రం వెనక్కి తిరిగి విమానం వంక చూసింది.

విమానం లేచింది. వెనక రెండు సీట్లు ఖాళీ, ఒకటి నీహారికది, ఒకటి బాలమణమ్మది. అందరి చెవులకీ హెడ్‌ఫోన్లు, మూతి ముందు మైకు. ఒకళ్ళు మాట్లాడితే అందరికీ వినపడుతుంది. కింద కంకర రోడ్డు దారమంత సన్నబడి కనపడకుండా పోయింది. ఆ తరవాత మనిషన్నవాడి జాడ లేదు. కొండ వెనక కొండ, బూడిద రంగు రాళ్ళు, వాటి సందుల్లో ఇంకా కరగని మంచు, ఎవరూ పేరు పెట్టని ఏళ్ళు. ఇక్కడ పడితే మనల్ని వెతకడానికి కూడా ఎవరూ రారేమోనండీ అంది జయంతి, సగం నవ్వుతూ. భాను నవ్వలేకపోయాడు. తనని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు ఎవరా అని ఆలోచించాడు. ఫణి వస్తాడేమో. వచ్చి, నీహారికకి ఎలా చెప్పాలి అని మథనపడతాడు పాపం.

కనుమ దాటాక కొండలు ఒక్కసారిగా ఆగిపోయాయి. అవతలంతా చదును. ఆకుపచ్చా గోధుమా కలిసిన నేల, నీళ్ళ గుంటలు, దాని మీద ఎటు చూసినా ఎండ. ఒక చెట్టు లేదు, ఒక గుడిసె లేదు. అంతటి ఖాళీని భాను ఎన్నడూ చూడలేదు. గదిలో ఒంటరితనం అయితే గోడలదాకా ఉంటుంది, దీనికి ఆ గోడ కూడా లేదు. చూస్తూ చూస్తూ ఉండగా అతనికి భయమేసింది.

రాయ్ రెక్క వంచి కిందికి చూపించాడు. ముందు ఏమీ తెలీలేదు. తరవాత నేల కదిలింది. ఆరబోసిన నువ్వుల్లా, లెక్కలేనన్ని దుప్పులు, నదిలోకి దిగుతున్నాయి, ఈదుతున్నాయి, అవతలి గట్టెక్కి నీళ్ళు విదిలించుకుంటున్నాయి. విమానం కిందికి దిగేకొద్దీ కొమ్ములు కనపడ్డాయి, తల్లుల పక్కనే అంటుకుని ఈదే పిల్లలు కనపడ్డాయి. చివరలో ఒకటి కుంటుతూ వస్తోంది. దాని ముందున్నవి రెండు ఆగి, ఊరికే గడ్డి మేస్తున్నట్టు నిలబడ్డాయి. అది వచ్చి కలిశాక గానీ కదల్లేదు.

జయంతి కెమెరా దించేసింది. ఆమె గొంతు హెడ్‌ఫోన్లో దగ్గరగా, చెవిలో చెప్పినట్టు వినపడింది.

"అత్తమ్మ చూసుంటే ఏడ్చేసేదండీ."

కృష్ణమోహన్ ఊపిరి పీల్చుకున్న చప్పుడు మైకులోంచి అందరికీ వినపడింది. ఆ చప్పుడు భాను భరించలేకపోయాడు.

"రూమ్‌లో ఎవరూ లేరండీ," అన్నాడు.

ఏమిటి అంది జయంతి. ఎవరూ లేరు, నీహారిక రాలేదు, మాకు డైవోర్స్ అయి ఏడాదైంది, నేను అబద్ధం చెప్పాను, పెద్దమ్మ ఖాళీ గది ముందు కూర్చుంది అన్నాడు. ఒకదాని మీద ఒకటి పడిపోతూ వచ్చాయి మాటలు. ఏడాదిగా ఎవరికీ చెప్పనిది, మొహాలు కనపడని ముగ్గురి చెవుల్లో ఒకేసారి చెప్పేశాడు. తెలుగు తెలీని రాయ్, అందరూ బానే ఉన్నారా అని ఇంగ్లిష్‌లో అడిగాడు.

కృష్ణమోహన్ భాను వైపు తిరగనే లేదు. రాయ్‌తో ఇంగ్లిష్‌లో, ఇప్పుడే వెనక్కి తిరిగితే మా అమ్మని ఎక్కించుకుని మళ్ళీ రావడానికి టైమ్ ఉంటుందా అని అడిగాడు, ఎంతయినా ఇస్తానన్నాడు. రాయ్ దక్షిణం వైపు చూసి, చెప్పలేను, ప్రయత్నిద్దాం అని విమానం తిప్పాడు. వెనక్కొస్తున్న దారంతా నలుగురూ కనుమ మీద మబ్బునే చూస్తూ కూర్చున్నారు. భాను దేవుడికి మొక్కుకున్నాడు, ఏడాదిలో మొదటిసారి తన కోసం కాకుండా. మబ్బు అతని మొక్కు వినలేదు. వాళ్ళ విమానం తోకని తరుముకుంటూ దిగినట్టే దిగింది. చక్రాలు కంకరని తాకేసరికి కొండలు కనపడటం మానేశాయి, సన్నగా వాన మొదలైంది. రాయ్ ఇంజన్ ఆపి, సారీ, ఇవాళ్టికి ఇంతే అన్నాడు. ఇవాళ తప్ప వాళ్ళకి ఇంకో రోజు లేదని అతనికీ తెలుసు.

కృష్ణమోహన్ దిగి, వానలో అలాగే నిలబడ్డాడు. భాను దగ్గరికి వెళ్తే చెయ్యి అడ్డం పెట్టాడు, వద్దన్నట్టు. కొట్టినా బావుండేది. జయంతి కళ్ళు తుడుచుకుంటూ, ఆవిడకి మాత్రం మేం చెప్పమండీ, మీరే చెప్పుకోండి అంది.

లాడ్జి నడవా పొడుగ్గా, ఒకే ఒక్క ట్యూబ్‌లైటుతో ఉంటుంది. దాని చివర, భాను గది తలుపు ముందు, డైనింగ్ హాల్లోంచి తెచ్చుకున్న కుర్చీలో బాలమణమ్మ కూర్చుని ఉంది. నడుస్తుంటే చప్పుడవుతుందని కాబోలు, చెప్పులు విప్పి కుర్చీ కింద పెట్టుకుంది. ఒళ్ళో ఒక గిన్నె, అందులో వెచ్చజేసి చల్లారిపోయిన నూనె. భాను బూట్ల చప్పుడుకి ఆవిడ తలెత్తి, నోటి మీద వేలు పెట్టి, మెల్లగా అని సైగ చేసింది. ఇంక లేవలే బిడ్డా అంది గుసగుసగా. సప్పుడే లేదు, మంచి నిద్ర వట్టింది, ఇగ తగ్గుతది అంది. దుప్పులు కనవడ్డయా అని మటుకు అడగలేదు. అడిగితే అతను ఏమైపోయేవాడో.

భాను జేబులోంచి తాళంచెవి తీశాడు. రెండుసార్లు తప్పి, మూడోసారికి తిరిగింది. తలుపు బార్లా తీశాడు.

ఒకటే మంచం. ఒక దిండు నలిగి ఉంది, రెండోదాని కవరు మడత కూడా చెదరలేదు. కుర్చీ మీద ఒక మగవాడి స్వెటర్, నేల మీద ఒక బ్యాగు. బాత్రూం తలుపు తీసే ఉంది. బాలమణమ్మ గడప మీద నిలబడి అదంతా చూసింది, బాత్రూంలోకీ చూసింది, మళ్ళీ మంచం వైపు చూసింది. ఆవిడ చూడటం అయ్యేదాకా ఆగాడు భాను.

"నీహారిక రాలేదు పెద్దమ్మా," అన్నాడు. "ఎప్పుడూ రాలేదు. మేం విడిపోయి ఏడాదైంది. చెప్పుకోలేక అబద్ధం ఆడాను. మీరు చూడాల్సింది చూడకుండా చేశాను."

తిడుతుందని నిలబడ్డాడు. తిడితే కాళ్ళ మీద పడదామని కూడా అనుకున్నాడు. ఆవిడ నూనె గిన్నె కిటికీ గట్టు మీద పెట్టి, చేతులు చీర కొంగుకి తుడుచుకుంది. తరవాత పెద్దగా ఊపిరి వదిలింది. మూడు రోజులుగా ఆ ముసలి మొహంలో ఉన్న ఆదుర్దా ఆ ఊపిరితో పోయింది.

"పోనీ తియ్ బిడ్డా," అంది. "గట్లయితే ఆ పిల్లకు పానం మంచిగనే ఉన్నదన్నట్టు."

విడిపోయామన్న మాట విన్నాక ఏ మనిషైనా అడగదగిన వంద ప్రశ్నల్లో ఇది లేదు. ఏడాదిగా భాను తనకి జరిగిన అన్యాయం గురించే అనుకున్నాడు, తనకి పోయిన పరువు గురించే అనుకున్నాడు. ఆమె ఎలా ఉందో అని మాత్రం ఒక్కసారి కూడా పూర్తిగా అనుకోలేదు.

"బానే ఉంది పెద్దమ్మా," అన్నాడు చివరికి. "నేను లేకుండా బానే ఉంది."

ఆ మాట అంటూనే మంచం అంచున కూలబడి, రెండు చేతుల్లో మొహం దాచుకుని, గట్టిగా, సిగ్గు విడిచి ఏడ్చాడు. బాలమణమ్మ నడవాలోకి వెళ్ళి కుర్చీ లోపలికి లాక్కొచ్చుకుని, అతని పక్కన కూర్చుంది.